ఇంజను లేని రైలు

ప్రశ్న: వేల్స్‌లోని ఫెస్టినియోగ్ నారోగేజ్ రైల్వేలో పలకరాతి బండ్లు ఇంజను లేకుండానే కొండ దిగేవట. అలాంటి రైలును ఇప్పుడు నడపాలంటే ఏం చూసుకోవాలి?

జవాబు: 1836లో తెరిచిన ఈ లైనులో పట్టాల మధ్య దూరం 597 మిల్లీమీటర్లే. గనుల నుంచి రేవు దాకా దాదాపు ఏకధాటి వాలు ఉండేలా వేశారు, కిటుకంతా అదే. ఖాళీ బండ్లను గుర్రాలు పైకి లాగేవి. దిగేటప్పుడు ఆ గుర్రాలే దర్జాగా ఒక బండెక్కి వచ్చేవి! 1863లో ఆవిరి ఇంజన్లొచ్చి లాగే పని అందుకున్నా, దిగే పద్ధతి మారలేదు.

అసలు చిక్కు బ్రేకులతోనే. అన్ని బండ్లకూ ఒకేసారి పట్టే బ్రేకు ఇందులో లేదు. అందుకే బ్రేకున్న బండ్లను రైలు పొడవునా సర్ది, వాటిపై కూర్చున్నవాళ్లు చేతి లీవర్లు వేయాలి. ముందువైపే గట్టిగా వేస్తే వెనక బండ్లు వచ్చి గుద్దుతాయి, తేలికపాటి బండి పట్టా తప్పొచ్చు. వెనకవైపే వేస్తే కొక్కేల గొలుసు సాగి తెగొచ్చు. చక్రం పూర్తిగా బిగిస్తే పట్టాపై జారి ఒకచోట చదునుగా అరుగుతుంది, ఆపై దారంతా టకటకే. కొంచెం పట్టి, వదిలి, మళ్లీ పట్టడమే సరైన పద్ధతి. వాన పడినా, ఆకులు రాలినా బ్రేకు వేయడం ఇంకా ముందే మొదలుపెట్టాలి. బయల్దేరే ముందు ఇరుసుపెట్టెల్లో (చక్రాల ఇరుసు కొనలు తిరిగే పెట్టెలు) నూనె, బ్రేకు దిమ్మల మందం, ప్రతి కొక్కెం చూడాలి.

ప్రశ్న: అందులో ప్రయాణికులను ఎక్కించవచ్చా?

జవాబు: కుదరదు. బ్రిటన్‌లో 1889 చట్టం తర్వాత ప్రయాణికుల రైలుకు అన్ని పెట్టెలకూ ఒకేసారి పట్టే బ్రేకు తప్పనిసరైంది. గట్టున నిలబడి చూడాల్సిందే.