ఇంటర్న్‌షిప్‌కు డబ్బు కట్టాలా?

మూడో సంవత్సరం ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఇంజినీరింగ్) చదువుతున్న మీరు, పెద్ద కంపెనీలకు పంపిన దరఖాస్తులకు జవాబు రాలేదని, అమీర్‌పేటలోని ఒక శిక్షణ సంస్థ మాత్రం పదివేలు కడితే ఇంటర్న్‌షిప్ ఇస్తానంటోందని రాశారు. ఆ డబ్బు కట్టకండి. రుసుము తీసుకుని ఇచ్చేది మహా అయితే శిక్షణే. ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలు అడిగితే ఆ సర్టిఫికెట్ విలువ తేలిపోతుంది.

పెద్ద కంపెనీలు చాలావరకు కళాశాలల ద్వారానే విద్యార్థులను తీసుకుంటాయి కనుక, ముందుగా మీ ప్లేస్‌మెంట్ అధికారిని కలిసి, మీ కళాశాల తెలంగాణ ప్రభుత్వ నైపుణ్య శిక్షణ సంస్థ అయిన టాస్క్‌లో నమోదై ఉందో లేదో తెలుసుకోండి. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) ఇంటర్న్‌షిప్ పోర్టల్‌లో మీరే నేరుగా నమోదు కావచ్చు.

అయితే మీ బ్రాంచికి చిన్న సంస్థలే మేలని నా అభిప్రాయం. హైదరాబాద్ రాయదుర్గంలో స్టార్టప్‌లకు తోడ్పడే టీ-హబ్, వస్తువుల నమూనాలు తయారుచేసుకునే వీలున్న టీ-వర్క్స్‌ల చుట్టూ హార్డ్‌వేర్ స్టార్టప్‌లు ఉన్నాయి. చర్లపల్లి, కుషాయిగూడ పారిశ్రామికవాడల్లోని ఎలక్ట్రానిక్స్ యూనిట్లనైతే విద్యార్థులు దాదాపు పట్టించుకోరు, కాబట్టి అక్కడ పోటీ తక్కువ. అందరికీ ఒకే రెజ్యూమె పంపకుండా, ఆ సంస్థ తయారుచేసే వస్తువేమిటో, దానికి దగ్గరగా మీరు స్వయంగా చేసిన సర్క్యూట్ లేదా రాసిన కోడ్ ఏమిటో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు రాగలరో తెలుపుతూ పది వాక్యాలు మించని ఈమెయిల్ రాయండి. వారంలో జవాబు రాకపోతే మర్యాదగా ఒకసారి గుర్తుచేయండి. వేసవి సెలవుల కోసమైతే ఈ పని ఫిబ్రవరిలోనే మొదలుపెట్టడం మంచిది.