బ్యానిష్డ్‌లో గాదెలు నిండుగా ఉన్నా ఊరు ఎందుకు ఖాళీ అవుతోంది?

మీరు అడిగింది ఇదీ: బ్యానిష్డ్ అనే ఊరు కట్టి నడిపే కంప్యూటర్ గేమ్ మీడియం కష్టంతో మొదలుపెట్టారు, పదేళ్ళు ఊరు చక్కగా నడిచింది, గాదెల నిండా తిండి ఉంది కదా అని ఒకేసారి 12 ఇళ్ళు కట్టారు. 15వ ఏడు వచ్చేసరికి జనం ఆకలితో రాలిపోతున్నారు, ఎన్ని పొలాలు వేసినా ఆగడం లేదు. తప్పు ఎక్కడ జరిగింది అని.

పొలాల్లో తప్పేం లేదండీ. కొంప ముంచింది ఆ 12 ఇళ్ళే.

నాకిది తెలియడానికి మూడు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోవాల్సి వచ్చింది. మొదటి ఊరికి కొత్తపల్లి అని పేరు పెట్టాను. రాళ్ళు మిగుల్చుకుందామని నాలుగైదేళ్ళు ఒక్క ఇల్లు కూడా కట్టలేదు. తర్వాత రాయి, కలప పోగయ్యాయని ఊపులో 11 ఇళ్ళు లేపేశాను. జనాభా 97కి ఎక్కింది. ఆ రాత్రి ఎంత సంబరపడ్డానో! రెండేళ్ళు గడిచేసరికి 23 మంది మిగిలారు. అర్ధరాత్రి ఒంటిగంటకు నేను "అయ్యో, మళ్ళీ ముగ్గురు పోయారు" అని గట్టిగా అంటే, మా ఆవిడ నిద్రలోంచి లేచి "ఎవరు? ఏ ఊళ్ళో?" అని కంగారుపడింది. ఆ మర్నాటి నుంచి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, నోరు మూసుకుని ఆడుతున్నాను.

ఈ గేమ్‌లో శత్రువులు లేరు, యుద్ధాలు లేవు, డబ్బు కూడా లేదు. 2014 ఫిబ్రవరి 18న వచ్చింది, లూక్ హొడొరోవిచ్ అనే ఒక్క మనిషి తయారుచేశాడు. ఊరిని చంపేది చలి, ఆకలి, వాటికన్నా ముందు వయసు. ఆ వయసు సంగతి తెలియకపోతే మిగతా చిట్కాలు ఎన్ని చదివినా దండగే.

గేమ్‌లో ఒక ఏడాది గడిస్తే మనుషులకు దాదాపు ఐదేళ్ళు మీదపడతాయి. అంటే ఈ ఏడు పుట్టిన బిడ్డకు రెండేళ్ళు గడిచేసరికి పదేళ్ళు. బడి లేకపోతే ఆ వయసుకే పనిలోకి దిగుతుంది. మీరు మొదట్లో దింపిన జంటలు పది, పన్నెండో ఏటికల్లా ముసలివాళ్ళైపోతారు. ఇక పురుడు పోసుకునే వయసు గేమ్ లెక్కలో నాలుగైదేళ్ళే.

ఇప్పుడు ఇంటి సంగతి. ఒక ఇంట్లో ఐదుగురు పడతారు. పెళ్ళీడుకొచ్చిన పిల్లలు అమ్మానాన్నల దగ్గరే ఉన్నంతకాలం వాళ్ళకు పిల్లలు పుట్టరు. ఖాళీ ఇల్లు దొరికితేనే ఒక అబ్బాయి, ఒక అమ్మాయి జంటగా వేరు కాపురం పెడతారు, అప్పుడే కాన్పులు మొదలవుతాయి. కాబట్టి నాలుగైదేళ్ళు ఇళ్ళు కట్టడం ఆపామంటే ఒక తరం మొత్తానికి పెళ్ళిళ్ళు ఆపినట్టే. జనాభా నిలకడగానే కనిపిస్తుంది, తిండి మిగులుతుంది, గాదెలు నిండుతాయి. మనకేమో ఊరు బాగుందనిపిస్తుంది. నిజానికి ఊళ్ళో పసిపిల్లలు లేరు, అందుకే తిండి మిగులుతోంది.

సరిగ్గా అక్కడ మనం 12 ఇళ్ళు కడతాం. అప్పటిదాకా ఆగిపోయిన పెళ్ళిళ్ళన్నీ ఒక్కసారిగా జరుగుతాయి. ఇంటికి ముగ్గురు చొప్పున వేసుకున్నా 36 మంది పిల్లలు. వీళ్ళు తింటారు, పని చెయ్యరు. బడి ఉందంటే ఇంకో ఏడాదికి పైగా ఖాళీగా కూర్చునే తింటారు. అదే సమయంలో మొదటి తరం ముసలివాళ్ళు వరసగా పోతుంటారు. తినేవాళ్ళు పెరిగారు, దున్నేవాళ్ళు తగ్గారు. గాదె ఖాళీ అవగానే మనుషులు పని వదిలేసి తిండి వెతుక్కుంటూ ఊరి ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తారు. ఆ నడకలో కోత ఆలస్యమవుతుంది, పంట మంచుకు పోతుంది, ఇంకా ఆకలి. మీరు కొత్తగా వేసిన పొలాలు ఈ గొడవలో పనికిరావు. పొలానికి కావాల్సింది మనుషులు, వాళ్ళే లేరు కదా!

అందుకని నేనిప్పుడు పెట్టుకున్న పద్ధతి చెప్తాను. ఇల్లు ఒక్కోటిగా కడతాను. ఊళ్ళో 20, 25 మంది ఉన్నప్పుడు ఏడాదికి ఒకటి, మరీ ధైర్యం చేస్తే రెండు. 60 దాటాక మూడు. కట్టేముందు రెండు చూస్తాను. ఒకటి, పిల్లలూ బడికి వెళ్ళేవాళ్ళూ కలిపి పనిచేసేవాళ్ళలో సగం దాటారా అని. దాటితే ఆ ఏడు ఇల్లు లేదు. రెండోది, గాదెల్లో ఏడాదికి సరిపడా తిండి ఉందా అని. మనిషికి ఏడాదికి సుమారు 100 యూనిట్ల తిండి పోతుంది. 50 మంది ఉంటే చలికాలం మొదట్లో 5,000 కనిపించాలి. రెండూ సరిపోతే తాపీ మేస్త్రీని పిలుస్తా. ఎంత తిండి మిగిలినా ఒకేసారి నాలుగు ఇళ్ళు మాత్రం కట్టను. అలాగే ఎంత కరువొచ్చినా రెండేళ్ళకు మించి ఇళ్ళు ఆపను. ఈ రెండోది చాలామంది చెప్పరు. నా రెండో ఊరు పోయింది దాని వల్లే: మొదటి ఊరి భయంతో ఇళ్ళు మరీ బిగబట్టాను, చివరికి ఊరంతా ముసలివాళ్ళే మిగిలారు. ఐదుగురు ఉండాల్సిన ఇంట్లో ఒక్క ముసలమ్మ, కుర్రాళ్ళకు ఖాళీ ఇల్లు లేదు.

తిండి విషయంలో నా ఓటు పొలానికి కాదు, అడవికే. ఇది మీకు నచ్చకపోవచ్చు, పొలాలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. కానీ పొలం ఏడాదికి ఒక్కసారే చేతికొస్తుంది, అదీ మంచు తొందరగా పడకపోతే. గ్యాదరర్ హట్, అంటే అడవిలో తిండి ఏరుకొచ్చేవాళ్ళ గుడిసె, చలికాలం తప్ప మిగతా రోజులన్నీ దుంపలు, పుట్టగొడుగులు, ఉల్లి, బెర్రీలు తెస్తూనే ఉంటుంది. నలుగురిని పెట్టి, చుట్టూ ముదిరిన అడవి ఉంటే నా ఊళ్ళలో ఏడాదికి 2,500 నుంచి 3,000 దాకా వచ్చింది. పాతిక మందికి పైగా బతుకుతారు. పక్కనే చెట్లు పెంచి కొట్టే ఫారెస్టర్ లాడ్జ్, కాస్త దూరంలో వేటగాళ్ళ హంటింగ్ క్యాబిన్, వీళ్ళ కోసం రెండు మూడు ఇళ్ళు, ఒక చిన్న గాదె. దీన్నే ఒక వాడ అనుకుని, ఊరు పెరిగినప్పుడల్లా ఇంకో అడవిలో ఇంకో వాడ కడతాను. ఈ గుడిసెల వాళ్ళు తిరిగే అడవి వలయం లోపల రోడ్లు, కొట్లు, బడి అంటూ ఏవేవో కట్టేసి చెట్లు కొట్టెయ్యకండి. ఫారెస్టర్ దగ్గర చెట్లు నాటడం, కొట్టడం విడివిడిగా ఆన్, ఆఫ్ చేసుకునే వీలుంది. మొదట్లో అడవి పలచగా ఉంటే కొట్టడం ఆపేసి నాటడం ఒక్కటే ఉంచండి. ఈ తిండికి కొత్త చెట్లు పనికిరావు, ముదిరినవే కావాలి.

పొలం తప్పదనుకుంటే, చలి ముందే వచ్చేలా ఉన్నప్పుడు పొలం మీద నొక్కి కోత బటన్ మీరే నొక్కండి. సగం పంటైనా దక్కుతుంది.

వంటచెరకు దగ్గర నేను ఒకసారి ఎంత తెలివితక్కువగా దెబ్బతిన్నానంటే, చెప్పుకోవడానికే సిగ్గు. కలప బోలెడు ఉంది, దాన్ని కట్టెలుగా కొట్టే వుడ్‌కటర్ ఉన్నాడు, అయినా జనం చలికి చచ్చిపోతున్నారు. అరగంట వెతికితే అప్పుడు తెలిసింది: ప్రతి వస్తువుకూ ఒక లిమిట్ ఉంటుంది, నిల్వ ఆ అంకె చేరగానే పనివాడు చేతులు ముడుచుకుంటాడు. నేను ఊరు చిన్నగా ఉన్నప్పుడు పెట్టిన అంకె అలాగే వదిలేశాను. ఊరు మూడింతలైనా ఆ అంకె అంతే. శీతాకాలంలో నిల్వ రెండు వారాల్లో ఊడ్చుకుపోయింది. మీరు కూడా తిండి, కట్టెలు, పనిముట్లు, ఈ మూడింటి లిమిట్లు ఇప్పుడే ఒకసారి చూసుకోండి. పనిముట్లు మరీ ముఖ్యం. అవి అయిపోతే ఎవరూ చావరు కాబట్టి మనకు టెన్షన్ రాదు, కానీ ఊళ్ళో ప్రతి పనీ నెమ్మదిస్తుంది. ఆర్నెల్ల తర్వాత తిండి తగ్గినప్పుడు అసలు కారణం పనిముట్లకు కావాల్సిన ఇనుము అని తట్టదు.

నేల మీద కనిపించే ఇనుము, రాయి ఏరితే మళ్ళీ రావు. గనీ, క్వారీ తవ్వితే వాటికి బోలెడుమంది పనివాళ్ళు కావాలి, పైగా ఆ గొయ్యి శాశ్వతంగా అక్కడే ఉంటుంది. నేను వీలైనంతవరకు తవ్వను. నదిలో ట్రేడింగ్ పోస్ట్, అంటే వ్యాపారి పడవలు ఆగే చోటు, కట్టి కట్టెలు అమ్ముతాను. ఒక దుంగ విలువ 2. చదువుకున్న వుడ్‌కటర్ దాన్ని నాలుగు కట్టెలు చేస్తాడు, ఒక్కో కట్టె విలువ 4. అంటే 2 పెడితే 16! ఏ వ్యాపారంలో వస్తుందండీ ఇంత లాభం? విత్తనాలు ఖరీదైనవి, ఒక్కో రకం 2,500. అయినా 625 కట్టెలిస్తే వచ్చేస్తాయి, దానికి 157 దుంగలు చాలు. చదువులేని వాడైతే దుంగకు మూడే కట్టెలు తీస్తాడు, అప్పుడు 209 దుంగలు కావాలి. బడి అవసరమా అని అడిగేవాళ్ళకు నేను ఈ లెక్కే చూపిస్తాను.

అయితే బడి కట్టే సమయం చూసుకోవాలి. కట్టిన రోజు నుంచి పదేళ్ళు నిండిన పిల్లలు పనిలోకి బదులు బడికి పోతారు, ఏడాదికి పైగా ఊళ్ళోకి కొత్త చేతులు రావు. తిండి మిగులు ఉన్నప్పుడే కట్టండి. ఇంకోటి, ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు లేబరర్లను ఏ పనీ చెప్పకుండా ఖాళీగా ఉంచండి. నా మూడో ఊళ్ళో పంతులమ్మ చనిపోతే ఆ స్థానంలోకి వెళ్ళడానికి ఒక్క మనిషి ఖాళీ లేడు. బళ్ళో ఉన్న పిల్లలందరూ చదువు మధ్యలో వదిలేసి మొద్దులుగా బయటికొచ్చారు. ఒక తరం వుడ్‌కటర్లంతా మూడు కట్టెల వాళ్ళే.

టౌన్ హాల్ కట్టాక సంచారులు వచ్చి ఊళ్ళో చేర్చుకోమంటారు. జనం తగ్గినప్పుడు నోరూరుతుంది కానీ, వాళ్ళకు చదువు ఉండదు, ఒక్కోసారి రోగాలు కూడా తెస్తారు. ఆస్పత్రి, మిగులు తిండి రెండూ ఉంటే సరే. ఆకలి ఊళ్ళోకి మాత్రం రానివ్వకండి.

ఇక మీ ఊరు. ఆటోసేవ్‌లో 12 ఇళ్ళకు ముందుది ఉంటే దానికి వెళ్ళి, మూడిళ్ళు కట్టి చూడండి. అది లేదు, ఇప్పుడున్న దాన్నే బతికించాలంటే ముందు స్పీడు 10 రెట్ల నుంచి 1కి దించండి. 10 రెట్లలో కరువు మనకు కనిపించేసరికే సగం ఊరు అయిపోతుంది. కడుతున్న ఇళ్ళు, రోడ్లు అన్నీ ఆపేసి బిల్డర్లను ఖాళీ చెయ్యండి. కొత్త పొలాల్లో సగం వదిలెయ్యండి, ఆ మనుషుల్ని వేటకు, చేపలకు పంపండి. ఈ రెండూ చలికాలంలో కూడా తిండి ఇస్తాయి, కోతదాకా ఆగక్కర్లేదు. ఇళ్ళకు గాదె దూరమైతే మధ్యలో ఒకటి చిన్నది కట్టండి, కట్టాల్సింది అదొక్కటే. వ్యాపారి పడవ వస్తే విత్తనాల వైపు చూడకుండా కట్టెలిచ్చి తిండి కొనండి.

ఒక రెండేళ్ళు చావులు కొనసాగుతాయి, వాటిని ఆపలేరు. ఆ 36 మంది పిల్లల్లో ఎంతమంది పదేళ్ళు దాటతారన్న దాని మీదే మీ ఊరు ఆధారపడి ఉంది. వాళ్ళు పనిలోకి రాగానే తిండి లెక్క తిరగబడుతుంది. అప్పుడు మాత్రం సంబరపడి మళ్ళీ వరసగా ఇళ్ళు వెయ్యకండి. వాళ్ళంతా ఒకే ఈడువాళ్ళు, ముసలితనం కూడా అందరికీ ఒకేసారి వస్తుంది. 25వ ఏడు దగ్గర ఇంకో దెబ్బ తగలకుండా ఉండాలంటే ఏడాదికి రెండేసి కాపురాలు, అంతే. స్క్రీన్‌షాట్‌లో పిల్లలు, పనివాళ్ళు, చదివేవాళ్ళ అంకెలు కనిపించేలా పెడితే ఏ ఇంట్లో ఎవర్ని కదపాలో కూడా చూసి చెప్తాను.