బండి రాత్రిళ్లు ఎక్కడ పడుకుందో అడుగు

విశాఖపట్నం,
ఆదివారం

చిట్టీ,

నిన్న శ్రీకాకుళం నుంచి మీ నాన్న, ఎంవీపీ కాలనీ నుంచి నువ్వు ఒకే కాల్లో మాట్లాడేసరికి ఎవరేం అంటున్నారో నాకు సగమే అర్థమైంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీంట్లో అయితే మధ్యలో ఎవరూ అడ్డు తగలరు.

ఆడపిల్ల ఒంటరిగా నడుపుతుంది, దారిలో ఆగిపోకూడదు, కాబట్టి కొత్త కారే కొనాలన్నది మీ నాన్న మాట. నాకింకా రివర్సే సరిగ్గా రాదు, కొత్తదానికి గీత పడితే నిద్ర పట్టదన్నది నీ మాట. ఇద్దరిదీ న్యాయమే. మీ నాన్నకి మాత్రం ఒకటి గుర్తు చెయ్యి: ఆయన మొదటి స్కూటరు నా దగ్గర కొన్న పాతదే. పదకొండేళ్లు నడిపాడు.

ముందు నీ తిరుగుడెంతో లెక్క చూద్దాం. రుషికొండ ఆఫీసుకి రానూపోనూ 20 కిలోమీటర్లు వేసుకో. నెలకి 22 రోజులంటే 440. నెలకోసారి ఊరికి వెళ్లి రావడం ఇంకో 220. ఏడాదికి ఎనిమిది వేలు దాటదు. ఇంత తక్కువ తిరిగేవాళ్లకి డీజిల్ బండి దండగ. పైగా ఇప్పటి డీజిల్ కార్లలో పొగగొట్టం దారిలో మసి పట్టే ఫిల్టరు ఒకటుంటుంది. అది శుభ్రపడాలంటే అప్పుడప్పుడు హైవే మీద గట్టిగా తోలాలి. ఊళ్లో చిన్న చిన్న దూరాలకే వాడితే అది పూడుకుపోయి లైటు వెలుగుతుంది, ఖర్చు మొదలవుతుంది. కాబట్టి కొత్తదైనా పాతదైనా పెట్రోలు చిన్న కారే. ఆ సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

డబ్బు లెక్కకొస్తే, నీ చేతిలో 3 లక్షలున్నాయన్నావు. రోడ్డు మీదకొచ్చేసరికి 9 లక్షలయ్యే కొత్త కారైతే 6 లక్షలు లోను. తొమ్మిది శాతం వడ్డీకి ఐదేళ్లు కడితే నెలకి దాదాపు 12,450, వడ్డీయే 1,47,000 దాకా. అదే 5 లక్షల పాత కారైతే 2 లక్షలు లోను. పాతవాటికి బ్యాంకులు వడ్డీ ఎక్కువ వేస్తాయి, పదమూడు శాతం అనుకో. మూడేళ్లకి నెలకి 6,740 చొప్పున కడితే వడ్డీ 42 వేల చిల్లర. ఇలా వడ్డీలో మిగిలిన డబ్బులో ఒక యాభై వేలు మాత్రం పక్కన పెట్టాలి. పాత బండి మొదటి ఏడాదే టైర్లు, బ్యాటరీ, బ్రేకులు అంటూ ఏదో ఒకటి అడుగుతుంది. ఆ యాభై వేలు లేకుండా పాత బండి కొనేవాళ్లే తర్వాత దాన్ని తిట్టుకుంటూ తిరుగుతారు.

విలువ తరుగుదల సంగతి కూడా చూడు. ఇన్సూరెన్సువాళ్ల లెక్కలో ఆరు నెలలు దాటిన కారుకి 15 శాతం తీసేస్తారు. మూడో ఏట 30, నాలుగో ఏట 40, ఐదో ఏట 50. బజారు రేటు దీని కంటే కొంచెం అటూ ఇటూ ఉంటుంది కానీ పోకడ ఇదే. కొత్తప్పుడు కట్టిన లైఫ్ ట్యాక్సు ఆ మొదటి ఓనరు ఖాతాలోనే పోతుంది. అంటే నాలుగేళ్ల బండి కొంటే ఆ దెబ్బంతా ఇంకెవరో తిన్నాక నీ చేతికొస్తుంది.

ఒక తిరకాసు కూడా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్తదాని రేటు తగ్గితే పాతదాని రేటూ దిగాలి కదా. కొందరు మాత్రం తాము ఎంతకి కొన్నారో ఆ బిల్లు చూపించి బేరం ఆడతారు. నువ్వు ఆ బిల్లు చూడకు, ఈ రోజు షోరూం రేటు అడిగి అక్కడి నుంచి కిందికి లెక్క కట్టు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. ముప్పయ్యేళ్లు ఇన్సూరెన్సు సర్వేయరుగా తిరిగాను. గుద్దుకున్నవి, మునిగినవి, చెట్టు కింద నలిగినవి చూశాను. షోరూంలో మెరిసే కార్ల కంటే షెడ్డులో విప్పేసిన కార్లే నాకు ఎక్కువ పరిచయం. పాత బండి చూడ్డానికి వెళ్లగానే అందరూ అడిగేది, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని. మన వైజాగులో మొదటి ప్రశ్న అది కాదమ్మా. రాత్రిళ్లు ఎక్కడ పడుకుందని అడగాలి.

1996లో నేనొక మారుతి 800 కొన్నాను. ఐదేళ్ల బండి, మీటరు 22 వేలు దాటలేదు. పెయింటు అద్దంలా ఉంది. ఓనరు పెద్దాయన, బయటికే తీసేవాడు కాడట. ఇల్లు సముద్రానికి ఎదురుగా. నాకు ఆ ఇల్లు చూసి ముచ్చటేసింది కానీ అనుమానం రాలేదు. ఆ వర్షాకాలం మీ అత్తతో సింహాచలం వెళ్తుంటే ఆవిడ కాళ్లు తడిసిపోతున్నాయంది. అద్దాలు మూసే ఉన్నాయి. మ్యాటు ఎత్తితే కింద రోడ్డు కనిపించింది. వాన పైనుంచి కాదు, కిందనుంచి పడుతోంది! ఫ్లోరుకి రేకు కొట్టించి వెల్డింగ్ చేయించడానికి అయిన ఖర్చు మీ అత్తకి ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు.

ఉప్పుగాలి పని అది. కదలకుండా పడి ఉన్న బండిని ఇంకా తొందరగా తింటుంది. కవరు కప్పి ఉంచాం అని కొందరు గొప్పగా చెప్తారు. తడి పట్టిన కవరు కింద తుప్పు ఇంకా హాయిగా పెరుగుతుంది. బీచ్ రోడ్డు, లాసన్స్ బే వైపు ఆరుబయట నిలిపిన 20 వేల కిలోమీటర్ల బండి కంటే, సముద్రానికి దూరంగా పెందుర్తిలో షెడ్డు కింద పెట్టుకుని రోజూ తిరిగిన 60 వేల బండి నాకు ముద్దు. పోర్టు వైపు ఉన్నవాటికి బొగ్గు దుమ్ము అదనం, తేమతో కలిసి పెయింటు మీద కూర్చుంటుంది.

ఒకప్పుడు నంబరు ప్లేటు చూసి బండి ఊరు చెప్పేవాళ్లం, ఏపీ 31 అంటే మనదని. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక అది కుదరదు. ఆర్సీలో అడ్రసు చూడు. కడప, అనంతపురం వైపు అడ్రసైతే కింద రేకు గట్టిగా ఉండే అవకాశం ఎక్కువ. నువ్వు ఎంవీపీలో పెట్టాక అది కూడా మన ఉప్పు రుచి చూస్తుందనుకో. వారానికోసారి కిందిభాగం మంచినీళ్లతో కడిగించు, చాలు.

తుప్పు కోసం తలుపుల కింది అంచులు, చక్రాల పైన వంపు లోపలివైపు, డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంత చూడాలి. ఫ్రిజ్ మీద పెట్టుకునే అయస్కాంతం ఒకటి తెచ్చుకో. పలచటి గుడ్డ చుట్టి బాడీ మీద జరుపు. ఇనుప రేకు మీద ఒకచోట పట్టి, పక్కన జారిపోయిందంటే అక్కడ పుట్టీ మందంగా పూశారు.

మునిగిన బండిని పట్టుకోవడం ఇంకొంచెం కష్టం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక నెలల తరబడి నాకు ఆదివారం లేదు. అప్పుడు చూశాను, పూర్తిగా పోయిందని రాసిచ్చిన బండ్లను తుక్కు రేటుకి కొని, రంగేసి, ఇంకో ఊళ్లో అమ్మేవాళ్లని. సీటుబెల్టు చివరిదాకా లాగు. ఎవరూ కడగని చోటు అది, బురద గీత అక్కడే మిగులుతుంది. లోపల సెంటు వాసన మరీ ఘాటుగా ఉంటే దేన్నో దాస్తున్నారని అర్థం. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఆ లైటు కనెక్షన్ పీకేసి ఉండొచ్చు.

ఎయిర్‌బ్యాగ్ అంటే గుర్తొచ్చింది. మీ నాన్న భయానికి జవాబు ఇదే. 2022 జనవరి నుంచి తయారైన కార్లలో ముందు సీట్లు రెండింటికీ ఎయిర్‌బ్యాగ్ ఉండి తీరాలి. అంతకంటే పాతది ఎంత చవగ్గా వచ్చినా వద్దు. ఈ ఒక్క దాంట్లో నేను మీ నాన్న పక్షం.

టైరు పక్కన చివర్లో నాలుగంకెలుంటాయి. 2322 అంటే 2022లో 23వ వారం తయారైందని. బండి వయసుతో పోల్చి చూడు. మీటరు 25 వేలు చూపిస్తూ నాలుగు టైర్లూ కొత్తవైతే, క్లచ్ పెడల్ రబ్బరు అరిగిపోయి ఉంటే, మీటరు వెనక్కి తిప్పారని అనుమానించాలి. కంపెనీ సర్వీసు రికార్డు చూపించమని అడుగు. ఓనరు వెనకాడితే నువ్వు వెనక్కి వచ్చెయ్యి.

కాగితాల దగ్గర మొహమాటం అస్సలు పనికిరాదు. నా స్కూటరు ఒకటి తెలిసినవాళ్ల అబ్బాయికి అమ్మాను. పేరు మార్పించుకుంటానన్నాడు, సరేలే అన్నాను. మూడేళ్ల తర్వాత అది ఎవరినో గుద్దితే నోటీసు నా ఇంటికొచ్చింది. సర్వేయరు ఉద్యోగం చేస్తూ నేనే ఆ తప్పు చేశాను చూడు! ఆర్సీలో పేరున్నవాడే ఓనరని 2018లో సుప్రీంకోర్టు కూడా తేల్చి చెప్పింది. 29, 30 ఫారాల మీద సంతకాలయ్యాక పేరు మారేదాకా వెంటపడు. లోను మీద కొన్న బండైతే, అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్ఓసీ, ఆర్సీలోంచి బ్యాంకు పేరు తీయించే 35వ ఫారం ఉండాలి. చలానాలు ఎంపరివాహన్ యాప్‌లో చూడు. ఇన్సూరెన్సు పద్నాలుగు రోజుల్లోపు నీ పేరు మీదకి మార్చమని అర్జీ పెట్టాలి. మార్చుకోకుండా తిరిగి, గుద్దించుకుని, క్లెయిము రాక నా ముందు ఏడ్చినవాళ్లు ఎంతమందో. క్లెయిము చెయ్యనందుకు పాత ఓనరుకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్, నీకు రాదు, అది మనిషిది, బండిది కాదు.

మరి కొత్తది ఎవరు కొనాలంటావా? పదేళ్లు అట్టేపెట్టుకునేవాళ్లు, సొంత పార్కింగ్ ఉన్నవాళ్లు, నెల కంతు కట్టాక కూడా జీతం మిగిలేవాళ్లు. నీకు ఇంకా వీధిలోనే పార్కింగ్. రెండేళ్లలో బెంగళూరు బదిలీ ఉండొచ్చని నువ్వే అన్నావు. అందుకే నా మాట పాతదానికే. 2022 తర్వాతది, ఒకే ఓనరు వాడినది, పెట్రోలుది. చేయి తిరిగాక, ఊరు కుదిరాక కొత్తది కొందువుగాని. కొత్తొక వింత, పాతొక రోత అని మీ నాన్న అంటే బండ్లకి పూజ చేయించే సంపత్ వినాయక గుడి దగ్గర నిలబడి చూడమను. నిమ్మకాయలు తొక్కించడానికి పాత బండ్లు కూడా అదే వరసలో నిలబడతాయి.

నువ్వు ఫోటో పంపిన గోపాలపట్నం బండి వచ్చే ఆదివారం చూద్దాం. పొద్దున్న ఆరున్నరకి మీ ఇంటి కింద ఉంటాను. మనం వచ్చేదాకా ఇంజను స్టార్ట్ చెయ్యొద్దని వాళ్లకి ముందురోజు రాత్రే చెప్పు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేసి చూస్తాను, వెచ్చగా ఉంటే ముందే స్టార్ట్ చేసి ఏదో దాస్తున్నారని లెక్క, తిరిగొచ్చేద్దాం. చల్లగా ఉంటే సింహాచలం ఘాట్ ఎక్కించి దింపుదాం. ఎక్కేటప్పుడు క్లచ్, దిగేటప్పుడు బ్రేకులు తెలుస్తాయి. టార్చిలైటు నేను తెస్తాను, అయస్కాంతం నువ్వు తే. అడ్వాన్సు డబ్బులు మాత్రం ఆ రోజు వెంట తేవద్దు.

మీ మావయ్య