అత్తయ్యతో పారిస్: మెట్రో కన్నా బస్సే మేలు

ప్రశ్న: మేడమ్, మాది తెనాలి, ఇప్పుడు బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. వచ్చే మే నెలలో నేను, మావారు, పన్నెండేళ్ల మా పాప, 68 ఏళ్ల మా అత్తయ్య కలిసి వారం రోజులు పారిస్ వెళ్తున్నాం. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, మెట్లంటేనే భయపడతారు. మావారేమో "పారిస్‌లో అడుగడుక్కీ మెట్రో స్టేషనే, పాస్ తీసుకుంటే చాలు, టాక్సీలకి డబ్బు తగలేయడం ఎందుకు" అంటున్నారు. నిజంగా సరిపోతుందా? ఎయిర్‌పోర్టు నుంచి హోటల్‌కి ఎలా వెళ్లాలి? ఆవిడ శాకాహారి, తిండి సంగతి కూడా చెప్పండి.
- ఒక కోడలు, మారతహళ్లి

జవాబు: మీవారు చెప్పిందాంట్లో మొదటి సగం నిజం. పారిస్ నగరం లోపల ఎక్కడ నిలబడినా కాస్త దూరంలో మెట్రో స్టేషన్ ఉంటుంది. కానీ మన నమ్మ మెట్రో 2011లో మొదలైంది, అందుకే ప్రతి స్టేషన్లో లిఫ్ట్, ఎస్కలేటర్ ఉండటం మనకి అలవాటైపోయింది, మెట్రో అంటే అంతేనని అనుకుంటాం. పారిస్ మెట్రో మొదటి లైను 1900 జులైలో తెరిచారు. అప్పటి సొరంగాలు, అప్పటి మెట్లే ఇప్పటికీ వాడుతున్నారు. చాలా స్టేషన్లలో లిఫ్ట్ లేదు. రోడ్డు మీంచి కిందికి మెట్లు, లైను మారాలంటే పొడవాటి నడవాలు, మధ్యలో పైకి పది మెట్లు, మళ్లీ కిందికి పన్నెండు.

2023లో మా అమ్మతో వెళ్లినప్పుడు నాకు ఇదంతా తెలియదు. హోటల్ వాళ్ల పేజీలో "మెట్రోకి రెండు నిమిషాలు" అని చూసి బుక్ చేశాను. మొదటి రోజు సాయంత్రం ఒక పెద్ద స్టేషన్లో లైను మారాల్సి వచ్చింది. అమ్మ ఒక చేత్తో చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని, రెండో చేత్తో రైలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి దిగుతోంది. వెనక ఆఫీసుల నుంచి ఇళ్లకి పోయే జనం. ఎవరూ విసుక్కోలేదు, ఒకమ్మాయి మా బ్యాగు కూడా అందుకుంది, కానీ ఎదురుగా మరో వరస మెట్లు కనిపించేసరికి అమ్మ అక్కడే ఆగిపోయి "మీరెళ్లి చూసి రండే, నేను గదిలో ఉంటాను" అంది. అంత దూరం తీసుకెళ్లి ఆ మాట వినాల్సి వచ్చినందుకు నాకు ఇప్పటికీ బాధే. మీ అత్తయ్య నోట ఆ మాట రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మర్నాటి నుంచి మేం బస్సులు పట్టుకున్నాం, ట్రిప్ మొత్తం మారిపోయింది. పారిస్ సిటీ బస్సుల్లో లోపలికి అడుగుపెట్టే చోట మెట్లుండవు, వీల్‌చైర్ ఎక్కించడానికి ర్యాంప్ కూడా ఉంటుంది, పైగా సొరంగంలో చీకటి బదులు కిటికీలోంచి ఊరంతా కనిపిస్తుంది. 69 నంబరు బస్సు గుర్తుపెట్టుకోండి. ఈఫిల్ టవర్ పక్కన షాం ద మార్స్ దగ్గర మొదలై, ఆర్సే మ్యూజియం, లూవ్ర్ మ్యూజియం, సిటీ హాలు, బాస్టీ మీదుగా పేర్ లషేజ్ వైపు వెళ్తుంది. సిటీ హాలు దగ్గర దిగి వంతెన దాటితే నోత్రదామ్ చర్చి. 2019లో కాలిపోయి, బాగుచేసి 2024 డిసెంబరులో మళ్లీ తెరిచారు, లోపలికి టికెట్ లేదు. ఈ ఒక్క బస్సుతో రెండు రోజుల చూడటం అయిపోతుంది. బస్సు వస్తున్నప్పుడు చెయ్యెత్తాలి, లేకపోతే ఆపకుండా పోవచ్చు. ముందు తలుపు దగ్గర ఎక్కి టికెట్ కార్డు (దాని సంగతి తర్వాతి జవాబులో ఉంది) మెషీన్‌కి ఆనించండి, దిగే స్టాపుకి ముందు ఎర్ర బటన్ నొక్కండి. డ్రైవరుకి "బోంజూర్" అనండి, అక్కడ అది మర్యాద, అనకపోతే నిజంగానే చిన్నబుచ్చుకుంటారు.

మెట్రో ఎక్కక తప్పకపోతే 14వ లైను చూడండి. అది 1998లో వచ్చిన కొత్త లైను, అన్ని స్టేషన్లలో లిఫ్టులున్నాయి. లూవ్ర్‌కి దగ్గరలోని పిరమీద్, షాత్లే, గార్ ద లియోన్ దాని మీదే ఉన్నాయి. హోటల్ ఇంకా బుక్ చేయకపోతే 14వ లైను స్టేషన్ దగ్గరో, 69 బస్సు దారిలోనో వెతకండి, గది కాస్త చిన్నదైనా సరే. ఇంకో మాట, పాత భవనాల్లోని హోటళ్లలో లిఫ్ట్ ఉందని రాసినా కొన్నిచోట్ల అది నాలుగు మెట్లెక్కాక మొదలవుతుంది. "వీధి గుమ్మం నుంచి లిఫ్ట్ దాకా మెట్లున్నాయా" అని మెయిల్ పెట్టి రాతపూర్వకంగా అడగండి.

ఇక ఎయిర్‌పోర్టు. బెంగళూరు నుంచి ఎయిర్ ఫ్రాన్స్ విమానం నేరుగా షార్ల్ ద గోల్‌కి వెళ్తుంది, పది గంటల పైనే కూర్చోవాలి. ఏ విమానమైనా సరే, టికెట్ కొన్నప్పుడే అత్తయ్యకి వీల్‌చైర్ అడగండి, కనీసం 48 గంటల ముందు చెప్పాలి, దానికి డబ్బు తీసుకోరు. దిగాక ఊళ్లోకి ఆర్ఈఆర్ బి అనే ట్రైను ఉంది, గార్ ద్యు నోర్, షాత్లే మీదుగా వెళ్తుంది, ఒంటరిగా వెళ్లేవాళ్లకి అదే సుఖం. ఎయిర్‌పోర్టు టికెట్ మనిషికి 2025లో 13 యూరోలు చేశారు, ఇప్పుడు 14 దాకా ఉంది. మీరు నలుగురు, అంటే 56 యూరోలు. మరి టాక్సీ ఎంతో తెలుసా? సెన్ నదికి ఉత్తరాన, అంటే కుడి ఒడ్డున ఏ హోటల్‌కైనా స్థిర ధర 56 యూరోలే, ఎడమ ఒడ్డుకి 65. ప్రభుత్వం పెట్టిన రేటు, రాత్రయినా ఆదివారమైనా అంతే. మీవారికి ఈ లెక్క చూపించండి, ఆయనే టాక్సీ ఎక్కిస్తారు. అయితే బయట టాక్సీ స్టాండులోనే, పైన "టాక్సీ పారిజియాన్" దీపం ఉన్న బండే ఎక్కాలి. సామాన్ల దగ్గరికే వచ్చి "టాక్సీ, టాక్సీ" అని పిలిచేవాళ్ల వెంట వెళ్లకండి.

తిండికి భయం లేదు. గార్ ద్యు నోర్ స్టేషన్ వెనక లా షపెల్ అనే పేట ఉంది, శ్రీలంక తమిళులది. ఇడ్లీ, దోశ, కరివేపాకు, పచ్చిమిర్చి అన్నీ దొరుకుతాయి. బెంగళూరులో ఇన్నేళ్లున్నారు కదా, మీకు నాలుగు ముక్కల తమిళం వచ్చే ఉంటుంది, అక్కడ ఇంగ్లీషు కన్నా అదే పనికొస్తుంది. ఆ పేటలోనే మాణిక్క వినాయకర్ గుడి ఉంది. మా అమ్మ పారిస్ గురించి ఇప్పటికీ చెప్పేది ఈఫిల్ టవర్ కాదు, ఆ గుళ్లో ఇచ్చిన విభూతి.

ప్రశ్న: అక్కా, ఎలక్ట్రానిక్ సిటీలో జాబ్ చేస్తున్నాను. ఆఫీసు పని మీద పారిస్ వెళ్తూ గురువారం దిగి మంగళవారం తిరిగొస్తాను. వారం పాస్ తీసుకోమని కొలీగ్ చెప్పాడు. తీసుకోనా?
- ఒక పాఠకుడు, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: వద్దు తమ్ముడూ. ఆ పాస్ కొన్న రోజు నుంచి ఏడు రోజులు కాదు, సోమవారం నుంచి ఆదివారం దాకా. గురువారం కొంటే ఆదివారం రాత్రికి చెల్లిపోతుంది, సోమ, మంగళవారాలకి మళ్లీ డబ్బు కట్టాలి. ఇందులోనే మనవాళ్లు ఎక్కువగా మోసపోతుంటారు, ఎవరో మోసం చేసి కాదు, అడగకుండా కొని. నువ్వు నావిగో ఈజీ కార్డు 2 యూరోలు పెట్టి కొనుక్కుని, అందులో నీకు కావాల్సిన టికెట్లు వేసుకో. 2025 జనవరిలో జోన్ల గొడవ తీసేశారు, ఎయిర్‌పోర్టు తప్ప ఎంత దూరమైనా మెట్రో, ట్రైను టికెట్ సుమారు 2.50 యూరోలు, బస్సు, ట్రామ్‌కి సుమారు 2. వెర్సాయ్ కోటకి కూడా ఆ మెట్రో టికెట్టే చెల్లుతుంది. బస్సు టికెట్‌తో మెట్రో ఎక్కకూడదు, అది వేరు ఇది వేరు. ఒకే ప్రయాణంలో ఒకే కార్డు ఇద్దరు వాడకూడదు. బయటికి వచ్చేదాకా కార్డు చేతిలోనే ఉంచుకో, తనిఖీవాళ్లు నడవాల్లో నిలబడి ఉంటారు, "కొత్తవాణ్ని, తెలియదు" అంటే ఫైన్ ఆగదు.

సోమవారం దిగి ఆదివారం వచ్చేసేవాళ్లకి మాత్రం వారం పాస్ బంగారం. ధర సుమారు 32 యూరోలు, దానికి వేరే కార్డు, అది 5 యూరోలు, ఎయిర్‌పోర్టు రానూపోనూ పాస్‌లోనే. ఆ రెండు టికెట్లకే 28 అవుతుంది కదా. దానికి చిన్న ఫొటో కావాలి, ఇక్కడే పాస్‌పోర్ట్ ఫొటో తీయించినప్పుడు ఒకటి అదనంగా పెట్టుకోండి. (మారతహళ్లి చెల్లెమ్మా, మీరు సోమవారం చేరేలా టికెట్ తీసుకోగలిగితే ఇది మీకూ పనికొస్తుంది, బస్సులన్నీ ఇందులోనే, టాక్సీ ఖర్చు మాత్రం వేరే.)

ప్రశ్న: వీసాకి ఎన్నాళ్ల ముందు అప్లై చేయాలి? పారిస్‌తో పాటు ఆమ్‌స్టర్‌డామ్ కూడా వెళ్తాం.
- ఒక పాఠకురాలు, కమ్మనహళ్లి

జవాబు: ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వవచ్చు, వేసవికైతే ఫిబ్రవరిలోనే మొదలుపెట్టండి, ఏప్రిల్లో బెంగళూరులో అపాయింట్‌మెంట్ దొరకక టెన్షన్ పడేవాళ్లని చాలామందిని చూశాను. రెండు దేశాలకీ ఒకే వీసా (షెన్‌జెన్) చాలు, ఏ దేశంలో ఎక్కువ రాత్రులుంటే ఆ దేశానికే అప్లై చేయాలి, సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు, వీసా సెంటర్ వాళ్ల చార్జీ వేరే. 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. 2025 అక్టోబరు నుంచి అక్కడ ఇమ్మిగ్రేషన్లో పాస్‌పోర్టు మీద స్టాంపు బదులు వేలిముద్రలు, ఫొటో తీసుకోవడం మొదలుపెట్టారు, మొదటిసారి వెళ్లేవాళ్లకి క్యూలో ఆలస్యమవుతుంది. దిగిన రెండు గంటల్లోపు ఏ ట్రైనూ, ఏ మ్యూజియం టికెట్టూ బుక్ చేసుకోకండి.