అటక మీద దొరికిన తాతగారి రివాల్వర్‌ను బాగుచేయించవచ్చా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర లంక గ్రామం. మా తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేశారు. ఇటీవల పాత మండువా ఇల్లు విప్పిస్తుంటే అటక మీది ట్రంకు పెట్టెలో ఆయన పతకాలతో పాటు ఒక వెబ్లీ రివాల్వర్, నాలుగు తూటాలు బయటపడ్డాయి. రివాల్వర్ మీద మార్క్ 6 అని, 1917 అని చెక్కి ఉంది. తుప్పు పట్టి సిలిండరు తిరగడం లేదు. రావులపాలెంలో తెలిసిన లేత్ షాపులో దానిని బాగుచేయించి హాల్లో అద్దాల పెట్టెలో పెట్టుకోవాలని, ఇటువంటి పాత సైనిక పిస్తోళ్ళు మరికొన్ని సేకరించాలని నా కోరిక. వందేళ్ళు దాటిన వస్తువుకు లైసెన్సు అక్కర్లేదని మా మేనమామ గారు అంటున్నారు. అది నిజమేనా?

జవాబు: నిజం కాదు. మీ మేనమామ గారు రెండు వేర్వేరు చట్టాలను కలిపేసినట్టున్నారు. వందేళ్ళ లెక్క 1972 నాటి పురావస్తువుల చట్టంలోనిది. దాని ప్రకారం చారిత్రక ఆసక్తి ఉన్న వస్తువు వందేళ్ళకు తక్కువ కాకుండా ఉనికిలో ఉంటే అది పురావస్తువు కావచ్చు, అప్పుడు దానిని ప్రైవేటు వ్యక్తి దేశం దాటించకూడదు. అంటే ఆ వయసు మీకు కొత్త ఆంక్షను తెచ్చిపెడుతుందే గాని, తుపాకీ లైసెన్సు నుంచి మినహాయింపు ఇవ్వదు.

మీకు వర్తించేది 1959 నాటి ఆయుధాల చట్టం. అందులో 45వ సెక్షన్ పాత ఆయుధాలకు ఒక మినహాయింపు ఇచ్చిన మాట వాస్తవమే. వాడుకలో లేని నమూనాకు చెందినదైనా, పురాతన విలువ కలదైనా, పాడైపోయినదైనా, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరాని ఆయుధానికి ఆ చట్టం వర్తించదు. చాలామంది ఇందులో మొదటి సగమే చదివి ఊరుకుంటారు, కానీ అసలు బలమంతా ‘మరమ్మతు చేసినా’ అన్న షరతులో ఉంది. తుప్పు వదిలించి, స్ప్రింగు మార్చితే పేలగల రివాల్వర్ ఈరోజు సిలిండరు తిరగనంత మాత్రాన ఆ మినహాయింపులోకి రాదు. పైగా దానిని బాగుచేయించవచ్చునని మీరే నమ్ముతున్నారు గనుక, ఈ మినహాయింపును కోరే హక్కును మీ కోరికే బలహీనపరుస్తోంది. మా గోదావరి జిల్లాల తేమకు, వరద నీటికి ఇనుము ఎంతగా తినేసినా, అది ఇక ఎన్నటికీ పేలదని తేల్చవలసింది ఆయుధ నిపుణుడే.

క్యూరియో (అపురూపమైన పాత వస్తువు) వర్గంలోకి వచ్చే చిన్న ఆయుధాలను భారతీయ పౌరులు లైసెన్సు లేకుండా పొంది ఉంచుకోవచ్చని 2020 ఫిబ్రవరిలో కేంద్ర హోంశాఖ నిబంధనలను సవరించింది. అయితే వాటిని వాడాలన్నా, వెంట తీసుకువెళ్ళాలన్నా, ఒకచోటి నుంచి మరొక చోటికి చేర్చాలన్నా లైసెన్సు ఉండాలని ఆ సవరణే చెబుతోంది. మీ రివాల్వర్ ఆ వర్గంలోకి వస్తుందని అధికారుల నుంచి రాతపూర్వకంగా తెలిసేదాకా ఈ వెసులుబాటు మీద ఆధారపడవద్దని నా గట్టి సలహా. ఎందుకంటే మార్క్ 6 వెబ్లీ .455 తూటాలను పేల్చే ఆయుధం, ఆ తూటాలను పేల్చగల రివాల్వర్లు మన దేశంలో నిషిద్ధ బోరు (బోరు అంటే తుపాకీ గొట్టం లోపలి కొలత) కింద లెక్క. నిషిద్ధ బోరు ఆయుధానికి అనుమతి ఇచ్చే అధికారం జిల్లా కలెక్టరుకు ఉండదు, అది కేంద్ర హోంశాఖది.

శిక్షల సంగతి చెప్పకుండా దాటవేయడం మీకు మేలు కాదు. 2019 సవరణ తరువాత లైసెన్సు లేకుండా సాధారణ తుపాకీ ఉంచుకుంటే 2 నుంచి 5 ఏళ్ళ జైలు, నిషిద్ధ ఆయుధమైతే 7 నుంచి 14 ఏళ్ళు. లైసెన్సు లేకుండా తుపాకీని మరమ్మతు చేయడం ఇంకా పెద్ద నేరం. దానికి కనీసం 7 ఏళ్ళ నుంచి యావజ్జీవం వరకు శిక్ష ఉంది. కాబట్టి మీ లేత్ షాపు ఆయన ఎంత నమ్మకస్తుడైనా, ఆయన చేతికి దీనిని ఇవ్వడమంటే మీతో పాటు ఆయననూ చిక్కుల్లోకి లాగడమే. ఇంట్లో మీరే ఎమరీ కాగితంతో రుద్దడం కూడా మానండి. తుపాకీ మీది పేరు, నంబరు, గుర్తులను చెరపడాన్ని 8వ సెక్షన్ నిషేధిస్తోంది. మెరుగు పెట్టే ఉత్సాహంలో ముందుగా అరిగిపోయేవి అవే.

ఇంతవరకు మీ తప్పేమీ లేదు. ఆయుధం తన దగ్గర ఉందని తెలిసి ఉంచుకోవడమే నేరానికి మూలమని 1972లో గున్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. అటక మీద ఏముందో తెలియని రోజులకు మీరు జవాబుదారీ కారు, కానీ పెట్టె తెరిచి చూసిన నాటి నుంచి తెలియదనే మాట చెల్లదు. అందుచేత 21వ సెక్షన్ చెప్పినట్టు అనవసర జాప్యం లేకుండా దానిని సమీప పోలీసు స్టేషన్‌లో అప్పగించాలి. సంచిలో వేసుకొని బస్సెక్కి స్టేషన్‌కు వెళ్ళవద్దు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి సమక్షంలో దొరికిందో రాసి, అర్జీ రెండు ప్రతులు తీసుకువెళ్ళి, స్టేషన్ అధికారిని కలిసి, సిబ్బందిని ఇంటికి పంపి పంచనామా చేసి స్వాధీనం చేసుకోమని కోరండి. ఆ సమయంలో ఊరి పెద్దలు ఇద్దరు, వీలైతే వీఆర్వో ఉండేటట్టు చూసుకోండి. తూటాలను ఎవరూ ముట్టవద్దు. వాటి సంఖ్యను, రివాల్వర్ నంబరును రసీదులో రాయించుకోండి. పోలీసు వారు ఒకవేళ కేసు కట్టదలిచినా, లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోరాదనే 3వ సెక్షన్ కింది నేరానికి జిల్లా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి లేకుండా ప్రాసిక్యూషన్ నడపడానికి వీలులేదు. తనంతట తానే వచ్చి అప్పగించినవాడి అర్జీ ప్రతి అప్పుడు ఎంతగానో ఉపయోగపడుతుంది.

అప్పగించడంతో హక్కు వెంటనే పోదు. నిర్ణీత గడువులోగా మీకు లైసెన్సు వస్తే తిరిగి తీసుకోవచ్చు, లేదా చట్టప్రకారం ఆయుధాన్ని పొందగలవారికి అమ్ముకోవచ్చు. గడువు దాటితే మాత్రం అది ప్రభుత్వానికి జప్తు కావచ్చు. ఈలోగా మీరు చేయవలసిన అసలు పని పాత కాగితాలు వెతకడం. తాతగారి పేర ఎప్పుడైనా లైసెన్సు ఉండి ఉంటే 2016 ఆయుధ నిబంధనల కింద వారసుడిగా అడగడానికి దారి ఉంది. దానికి మరణ ధ్రువపత్రం, వారసుల వివరాల పత్రం, మీ మేనత్తలతో సహా మిగిలిన వారసులందరి నిరభ్యంతర పత్రాలు కావాలి. కోనసీమ జిల్లా 2022లో ఏర్పడింది గనుక పాత ఫైలు అమలాపురంలో కాక కాకినాడ కలెక్టరేటులో ఉండే అవకాశమే ఎక్కువ. రెండు చోట్లా సమాచార హక్కు దరఖాస్తు వేయండి. లైసెన్సు అసలే లేకపోతే మీది పూర్తిగా కొత్త దరఖాస్తు అవుతుంది. నిషిద్ధ బోరు విషయంలో అది ఫలిస్తుందని నేను మీకు ఆశపెట్టలేను.

ఇక సేకరణ మాట. ఒక వ్యక్తి రెండు తుపాకులకు మించి ఉంచుకోరాదని 2019 నుంచి చట్టం. అంతకుముందు మూడు ఉండేవి. వారసత్వంగా వచ్చినవీ ఈ రెంటిలోనే ఇమడాలి. కనుక గోడ నిండా పిస్తోళ్ళు వేలాడదీసే అభిరుచి ఇక్కడ ప్రైవేటు ఇంట్లో సాగేది కాదు. విదేశాల నుంచి సిలిండరో, గొట్టమో తెప్పించుకుందామనుకున్నా, ఆయుధ భాగాలు కూడా చట్టం దృష్టిలో ఆయుధాలే, దిగుమతికి వేరే లైసెన్సు ఉండాలి. తోలు ఒర, బెల్టు, పతకాలు, సర్వీసు పుస్తకం వంటివాటికి ఈ చట్టంతో పని లేదు. ఆ ట్రంకులోని పతకాలను మీరు నిశ్చింతగా అద్దాల పెట్టెలో పెట్టుకోవచ్చు. రివాల్వర్‌ను మాత్రం ఈ వారంలోనే అప్పగించి, రసీదు, అర్జీ ప్రతితో మీ ఊళ్ళోని న్యాయవాదిని కలిస్తే, నిషిద్ధ బోరు అవునో కాదో తేల్చమని కోరే దరఖాస్తును ఆయన తయారుచేస్తారు.