ఇంట్యూన్: సాఫ్ట్‌వేర్ ఎక్కినా పోర్టల్‌లో ‘ఫెయిల్డ్’

సాఫ్ట్‌వేర్ ఎక్కినా ఇంట్యూన్ (ఆఫీసు కంప్యూటర్లలోకి దూరం నుంచే సాఫ్ట్‌వేర్ ఎక్కించే మైక్రోసాఫ్ట్ సేవ) పోర్టల్ ‘ఫెయిల్డ్’ అని ఎందుకు చూపిస్తోందని అడిగారు. తప్పు దాదాపుగా డిటెక్షన్ రూల్‌ది, అంటే సాఫ్ట్‌వేర్ ఎక్కిందో లేదో ఇంట్యూన్ తేల్చుకునే నియమానిది. వైట్‌ఫీల్డ్ ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటోందని మీరే రాశారు కదా, అంటే ప్యాకేజీ (ఇంట్యూన్‌కి ఇచ్చిన ఇన్‌స్టాల్ ఫైళ్ల మూట) బాగానే ఉంది. దాన్ని మళ్లీ కట్టకండి. కోరమంగళలో నేను రెండు రోజులు అదే పని చేసి అలసిపోయాను.

1. ఒక ల్యాప్‌టాప్‌లో ఆ సాఫ్ట్‌వేర్ ఎక్జీ ఫైల్ (దాన్ని నడిపే ఫైల్) నిజంగా ఏ ఫోల్డర్‌లో ఉందో చూడండి.

2. అందరూ వదిలేసేది ఇదే: 32-బిట్ సాఫ్ట్‌వేర్ ‘ప్రోగ్రామ్ ఫైల్స్ ఎక్స్86’లోకి వెళ్తుంది. రూల్‌లో మామూలు ‘ప్రోగ్రామ్ ఫైల్స్’ రాస్తే ఇంట్యూన్‌కి ఫైల్ కనిపించదు. ఎక్కలేదనుకుని మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తుంది. రూల్‌లో ఫోల్డర్ దారి పూర్తిగా రాయండి. రూల్ ఫైల్‌ని కాక రిజిస్ట్రీని (విండోస్ సెట్టింగులు దాచుకునే చోటు) చూసేదైతే 32-బిట్ ఆప్షన్‌కి ‘యెస్’ పెట్టండి.

3. ఫైల్ యూజర్ ‘యాప్‌డేటా’లో ఉంటే ఇన్‌స్టాల్ బిహేవియర్ (ఎవరి పేరు మీద ఇన్‌స్టాల్ కావాలో చెప్పే సెట్టింగ్) ‘యూజర్’ కావాలి, ‘సిస్టమ్’ కాదు.

4. తనంతట తాను అప్‌డేట్ అయ్యే సాఫ్ట్‌వేర్ అయితే రూల్‌లో వెర్షన్‌ను ‘సమానం’ అని కాక ‘సమానం లేదా ఎక్కువ’ అని పెట్టండి.

మార్చాక టెన్షన్ పడకండి. మూడుసార్లు ఫెయిలైన మెషీన్‌లో మళ్లీ ప్రయత్నానికి 24 గంటల వరకు పట్టొచ్చు.