మియాటా చప్పుడు గురించి పెదనాన్న ఉత్తరం

చిట్టీ,

మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు 1990 మోడల్ మాజ్దా మియాటా స్పోర్ట్స్ కారు కొన్నావని, ఇంటికి తెచ్చిన వారానికే ఇంజిన్‌లోంచి ఏదో చప్పుడు మొదలైందని, మెకానిక్ దగ్గరికి పంపకుండా నువ్వే విప్పి చూస్తానని మొండికేశావని ఒక్క గుక్కలో చెప్పి, "మీరైనా గడ్డి పెట్టండి బావగారూ" అని పెట్టేసింది. గడ్డి పెట్టడానికే కూర్చున్నాను కానీ లోపల్లోపల సంబరంగా ఉంది, ఏం చెయ్యను. మీ నాన్నకు కార్లు నడపడం మీద ఉన్న పిచ్చి వాటి కింద దూరడం మీద ఎప్పుడూ లేదు. నా పనిముట్లు ఇక తుప్పు పట్టడమే అనుకున్నాను.

కారు ఎంపికలో నిన్ను తప్పు పట్టను. 1989లో షికాగో ఆటో షోలో దాన్ని మొదటిసారి చూపించినప్పుడు పత్రికల్లో ఫొటోలు చూసి నేనూ లొట్టలు వేసినవాణ్నే. 1.6 లీటర్ల ఇంజిన్, నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వులు, వాటిని తెరిచి మూయడానికి పైన రెండు క్యామ్‌షాఫ్టులు. విప్పి నేర్చుకోవడానికి ఇంతకంటే మర్యాదైన ఇంజిన్ దొరకడం కష్టం. ఆ క్యామ్‌షాఫ్టుల్ని తిప్పే టైమింగ్ బెల్ట్ తెగినా పిస్టన్లు వాల్వులకు తగలవు, కారు ఆగిపోతుంది అంతే. చాలా స్పోర్ట్స్ కార్లలో అలా తెగితే వాల్వులుండే పై భాగం, అదే హెడ్, మొత్తం పోయినట్టే. అలాగని బెల్ట్‌ని వదిలెయ్యమని కాదు, లక్ష కిలోమీటర్లకు కాస్త ముందే మార్చాలి. పాత ఓనర్ మార్చినట్టు కాగితం లేకపోతే మార్చలేదనే లెక్క.

ముందు నాకు గుండె దడ పుట్టించే సంగతి చెప్పనీ. జాక్ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కింద తల పెట్టావో, నేనూ నువ్వూ మాట్లాడుకోవడం అక్కడితో సరి. జాక్ ఉన్నది ఎత్తడానికి, మొయ్యడానికి కాదు. లోపల ఒక రబ్బరు సీల్ జారితే చాలు, కారు చెప్పకుండా దిగిపోతుంది. గట్టి నేల, సమంగా ఉన్న నేల, కదలకుండా చక్రాల కింద అడ్డు, కారు బరువు స్టాండ్ల మీద, ఆ తర్వాత బాడీని చేత్తో గట్టిగా ఊపి చూసి అప్పుడు కిందకి వెళ్లు. ఊపితే పడిపోతుందేమోనని భయం వేసిందంటే, పడితే అప్పుడే పడనీ, నువ్వు కింద లేనప్పుడు. షెడ్డు తలుపు మూసి ఇంజిన్ నడపకు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. జుట్టు ముడేసుకో. ఇంజిన్ తిరుగుతుండగా ముందువైపు బెల్టుల దగ్గరికి వదులు చేతుల చొక్కాతో వెళ్లకు.

ఇక చప్పుడు. మీ అమ్మ "డగడగ" అంటోంది, మీ నాన్న పక్కనుంచి "ఏం లేదన్నయ్యా, టిక్ టిక్ అంతే" అన్నాడు. వాడు టిక్ టిక్ అన్నాడు కాబట్టే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను, ఎందుకో కింద చెప్తాను.

డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం చూడు. తక్కువుంటే పొయ్యి. ఇది నీకు తెలుసు.

చప్పుడు ఎక్కడినుంచి వస్తోందని తర్వాత వెతుకు, ముందు ఎప్పుడు వస్తోందో కనిపెట్టు. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చెయ్యగానే ఒకట్రెండు సెకన్లు గరగరలాడి ఆగిపోతే, రాత్రంతా ఆయిల్ కిందికి కారిపోయిందని అర్థం, ఫిల్టర్‌లో వెనక్కి పోకుండా ఆపే వాల్వ్ సరిగ్గా లేకపోయినా అలా అవుతుంది. చల్లగా ఉన్నప్పుడు టపటపమని, వేడెక్కాక సద్దుమణిగితే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర నల్లటి మసి గీత ఉందేమో టార్చ్ వేసి చూడు, లోహం వేడికి వ్యాకోచించి ఆ సందు మూసుకుపోతుంది. క్లచ్ తొక్కితే ఆగిపోయే గరగర గేర్‌బాక్స్ ముందు బేరింగ్‌ది, తొక్కితేనే వచ్చేది క్లచ్ రిలీజ్ బేరింగ్‌ది. ఎక్కే దారిలో, టాప్ గేర్‌లో యాక్సిలరేటర్ నొక్కితే గులకరాళ్లు దొర్లినట్టు వినిపిస్తే ఇగ్నిషన్ టైమింగ్, అంటే స్పార్క్ ఎంత ముందుగా పడుతోందో చూడు. ఈ ఇంజిన్‌కి కంపెనీ పెట్టింది 10 డిగ్రీలు, కాస్త చురుగ్గా లాగుతుందని చాలామంది 14కి జరుపుతారు, నీ కారు పాత ఓనర్ కూడా ఆ పని చేశాడేమో ఎవరికి తెలుసు. ఇంజిన్ ఒక్క వేగం (ఆర్‌పీఎం) దగ్గరే లొడలొడలాడి మిగతా చోట్ల నోరు మెదపకపోతే ఎక్కడో రేకు వదులైంది, సంతోషించు.

ముందువైపు నుంచి కీచుమనో గుర్రుమనో వస్తుంటే బెల్టులు తీసేసి ఒక్క అర నిమిషం నడిపి చూడు. చప్పుడు పోతే దోషి ఆల్టర్నేటరో వాటర్ పంపో ఇంకోటో, ఇంజిన్ నిర్దోషి. అర నిమిషం అన్నాను, గుర్తుంచుకో. ఈ కారులో వాటర్ పంపుని కూడా ఆ బయటి బెల్టే తిప్పుతుంది.

చెవికి స్టెతస్కోప్ కొనుక్కుంటే కొనుక్కో. నేను మాత్రం పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి నొక్కి వినేవాణ్ని. మొదట అన్నిచోట్లా ఒకేలా వినిపిస్తుంది, విసుగొస్తుంది. పైన వాల్వ్ కవర్ మీద, పక్కన బ్లాక్ మీద, కింద ఆయిల్ నిలిచే సంప్ మీద ఒక్కోచోట కాసేపు ఆగి విను. ఇంకో గుర్తు చెప్తాను. పిస్టన్లు తిప్పే ఇరుసు, అదే క్రాంక్, రెండు చుట్లు తిరిగితే క్యామ్‌షాఫ్ట్ ఒక్క చుట్టే తిరుగుతుంది. అందుకని పైనుంచి వచ్చే వాల్వుల చప్పుడు ఇంజిన్ వేగానికి సగం లయలో, తీరుబాటుగా ఉంటుంది. నీ ఇంజిన్‌లో వాల్వుల మీద ఆయిల్ ఒత్తిడితో సందు సరిచేసే హైడ్రాలిక్ లిఫ్టర్లు ఉంటాయి, ఆయిల్ పాతబడినా, కారు ఎక్కువగా దగ్గర దూరాలే తిరిగినా అవి టిక్ టిక్ మంటాయి. మియాటాల్లో ఇది మామూలే. వేళకు సరైన ఆయిల్ మార్చి, ఇంజిన్ బాగా వేడెక్కేలా దూరం నడిపితే చాలాసార్లు అదే తగ్గిపోతుంది.

మీ నాన్న కూడా సరిగ్గా ఇదే అనుకున్నాడు.

నువ్వు పుట్టకముందు వాడికో రెండు సీట్ల పాత కారు ఉండేది, ఆ సంగతి నీకు చెప్పి ఉండడు. ఇంజిన్ కిందినుంచి చప్పుడొస్తుంటే ట్యాపెట్లని, అంటే పైన వాల్వుల దగ్గరిదేనని ఎవరో అన్నారు, వాడికీ అదే వినాలని ఉంది కాబట్టి నమ్మాడు. చిక్కటి ఆయిల్ పోస్తే చప్పుడు తగ్గుతుందని ఇంకెవరో చెప్తే అదీ పోశాడు. తగ్గింది! పట్టరాని సంతోషంతో నాకు ఫోన్ చేశాడు. సంప్ విప్పి రాడ్ బేరింగులు చూడరా అన్నాను. లేని చప్పుడుకి మందు దేనికి అన్నయ్యా అని నవ్వాడు. పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్‌కీ ఆ క్రాంక్‌కీ మధ్య ఉండాల్సిన సందు వెంట్రుక మందం కూడా ఉండదు చిట్టీ, ఆ సందులో నిలిచే ఆయిల్ పొరే మొత్తం బరువు మోస్తుంది. బేరింగ్ అరిగి సందు పెరిగినప్పుడు చిక్కటి ఆయిల్ పోస్తే అది పరుపులాగా మధ్యలో నిలిచి దెబ్బ వినపడనివ్వదు. అరుగుదల మాత్రం లోపల దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది. పైగా చలిలో స్టార్ట్ చేసినప్పుడు ఆ చిక్కటి ఆయిల్ బేరింగ్ దాకా చేరడానికే ఆలస్యం.

ఒకరోజు మీ అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని ఘాట్ ఎక్కుతున్నాడు. టంగుమని ఒక్క దెబ్బ, రాడ్ విరిగి బ్లాక్ పగలగొట్టుకుని బయటికొచ్చింది. వేడి ఆయిల్ ఎగ్జాస్ట్ మీద పడి పొగ కమ్మేసింది, మంట అంటుకోలేదు, అదృష్టం. మలుపులో ఆగిపోయిన కారులోంచి మీ అమ్మ కిందికి దిగి కొండ అంచు చూసింది. ఇప్పటికీ ఎవరైనా బానెట్ ఎత్తితే ఆవిడకి టెన్షన్ ఎందుకో ఇప్పుడు అర్థమైందా. ఆ మనిషి మీద విసుక్కోకు. ఆ ఇంజిన్ని నేనే విప్పాను. మూడో సిలిండర్ బేరింగ్ షెల్ గుండ్రంగా తిరిగిపోయి, సాగి, అప్పడంలా పల్చబడి ఉంది. క్రాంక్ మీద ఆ చోటు కమిలి నీలంగా మారింది. బ్లాక్‌కి పడిన కన్నంలో నా పిడికిలి పట్టింది. మీ నాన్న ఆ కన్నం వైపు చాలాసేపు చూసి, "చప్పుడు పోయిందిగా" అన్నాడు. అప్పుడు తిట్టబుద్ధి కాలేదు నాకు.

అందుకే నీ చప్పుడు పైదో కిందిదో తేలేదాకా ఆయిల్ మందం మార్చకు, డబ్బాల్లో అమ్మే మందులేవీ కలపకు. ఇంజిన్ వేడెక్కాక, నిలబెట్టిన చోటే 2500 ఆర్‌పీఎం దాకా లేపి యాక్సిలరేటర్ వదిలెయ్యి. వేగం పడిపోతున్నప్పుడు కింద నుంచి డగడగమని బరువైన దెబ్బలు వినిపిస్తే రాడ్ బేరింగ్ మీద నా అనుమానం. తర్వాత ఐడ్లింగ్‌లో సిలిండర్లకు పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల కనెక్టర్లు ఒక్కోటి పీకి చూడు, చెయ్యి దూరడం కష్టమేలే. ఏ సిలిండర్‌ని ఆపితే దెబ్బ మెత్తబడుతుందో దొంగ అక్కడే. స్పార్క్ ప్లగ్ వైరు పీకే పాత పద్ధతి వద్దు, షాక్ కొడుతుంది, కాలని పెట్రోలు పోయి, పొగని శుభ్రం చేసే కెటాలిటిక్ కన్వర్టర్‌ని పాడు చేస్తుంది.

నీ కారులో ఆయిల్ ప్రెషర్ ముల్లు నిజమైనది, 1995 నుంచి మియాటాల్లో పెట్టింది ఉత్తుత్తి ముల్లు, ఎప్పుడూ మధ్యలోనే నిలబడుతుంది. అయినా పాత మీటర్‌ని పూర్తిగా నమ్మకు. సెన్సర్ విప్పి ఆ కన్నంలో మామూలు మెకానికల్ గేజ్ బిగించి, ఇంజిన్ బాగా వేడిగా ఉన్నప్పుడు చూడు. వెయ్యి ఆర్‌పీఎంకి 10 పీఎస్ఐ చొప్పున ఉంటే ఫరవాలేదని మా పాత లెక్క.

ఆయిల్ ఫిల్టర్ తీసి పారెయ్యకు. డబ్బా కోసి, లోపలి మడతల కాగితం విప్పి, ఎండలో ఆరబెట్టి చూడు. వెండి రంగులోనో రాగి రంగులోనో మెరిసే పొట్టు కనిపిస్తే అయస్కాంతం పెట్టు. అంటుకుంటే ఇనుము. అంటుకోకపోతే అది బేరింగ్ లోహం కావచ్చు, అప్పుడు ఇక స్టార్ట్ చెయ్యనే చెయ్యకు, సంప్ దించాల్సిందే.

ఇంకొకటి, నీ మోడల్‌కే ఉన్న జబ్బు. 1990, 91 తొలి ఇంజిన్లలో క్రాంక్ ముందు కొస పొట్టిగా ఉండేది. అక్కడి బోల్ట్ వదులైతే పుల్లీ జారకుండా పట్టి ఉంచే లోపలి చిన్న కీ ముక్క, అది కూర్చునే గాడి అరిగిపోయి పుల్లీ వంకర్లు తిరుగుతుంది, టైమింగ్ జరిగి కారు లాగడం మానేస్తుంది. ముందు పుల్లీకి నాలుగు గాడులుంటే నీది పొట్టి కొసే, ఎనిమిదుంటే తర్వాతి రకం, ఊపిరి పీల్చుకో. నాలుగే ఉన్నాయా, ఇంజిన్ నడుస్తుండగా పక్కనుంచి పుల్లీ అంచుని చూడు. వణుకుతోందంటే ఆపెయ్యి. ఆ బోల్ట్‌ని ఇంకాస్త బిగించి సరిపెట్టుకుందామనుకోకు.

ఫోన్లో మూడు రికార్డింగులు పంపు. పొద్దున్నే తొలి స్టార్ట్, బాగా వేడెక్కాక ఐడ్లింగ్, 2500 నుంచి వదిలినప్పటిది. పాటలు, మాటలు లేకుండా. ఫిల్టర్ కాగితం ఫొటో కూడా. అప్పటిదాకా ఆ కారు రోడ్డెక్కకూడదు, తాళం మీ నాన్న చేతికి అసలే ఇవ్వకు.

పెదనాన్న